ఉప్పు చెయ్యి

నా చేతిలో ఉప్పుందని ఢిల్లీ వాళ్ళు తేల్చారు. ఊరికే ఓ మాట అనేసి ఊరుకుంటే సరిపోయేది, పరీక్ష చేసి మరీ తేల్చారు. గిలకలదిండి దాని చేతిలో ఉప్పు కాక పంచదార ఉంటుందా అని మీరు నవ్వచ్చు. నవ్వండి. కాకపోతే నవ్వేముందు జరిగింది వినండి, తర్వాత మీ ఇష్టం.

నా పేరు లక్ష్మీకాంతమ్మ. కాంతం అంటారు. బందరు హార్బరు పక్కనే, చేపలు పట్టేవాళ్ళుండే గిలకలదిండిలో మా ఇల్లు. మా ఆయన యలమంద ఉప్పెన రావడానికి ముందురోజు, దివిసీమలో చెల్లెల్ని చూసొస్తానని వెళ్ళాడు. చెల్లెలూ లేదు, ఆ ఊరూ లేదు, ఆయనా రాలేదు. శవం దొరకలేదు కాబట్టి నా బొట్టు తీయాలా, ఉంచాలా అని మా పెద్దలు నెలల తరబడి తర్జనభర్జన పడ్డారు. చివరికి మా అత్త తాతమ్మే విసిగిపోయి, కన్నదాన్ని నేను, వాడు ఇక రాడని నేనే అంటుంటే మీకేమిట్రా సందేహం అని పెద్దలకి గడ్డి పెట్టి, ఆ తంతేదో తన చేతుల మీదుగానే ముగించింది. ఆ తర్వాత చాలాకాలం అత్తా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేకపోయాం.

ఉప్పెన తర్వాత మా వైపు బియ్యం, దుప్పట్లు పంచడానికి ఎందరో వచ్చారు. గుడివాడ పరంధామయ్య గారు మాత్రం ఉద్యోగం పంచారు. ఆయనది తండ్రి నాటి బియ్యం మిల్లు. మిల్లు పక్క పాత గోడౌను బాగు చేయించి, అందులో మిలిటరీ వాళ్ళకి కావలసిన పరికరం ఒకటి చేయించడం మొదలుపెట్టారు. దానికి పది పాసైన ఆడవాళ్ళు కావాలన్నారు. మా పేటలో పది పాసైనదాన్ని నేనొక్కదాన్నే. అరుగు మీద కూచుని చిరిగిన వల అల్లుతుంటే నా వేళ్ళకేసి చూసి, "ఈ వేళ్ళు మాక్కావాలమ్మా" అన్నారు. నన్ను పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకున్నారు. అది పేపర్లో పడింది. అందులో నా మొహం కంటే ఆయన మొహమే బాగా వచ్చింది.

ఆ పరికరం ఏమిటో చెప్తాను. భయపడకండి, నాకు అర్థమైందంటే మీకూ అవుతుంది. చిటికెన వేలంత గొట్టం. దాని లోపల రాగి తీగ చుట్ట. ఆ చుట్ట మధ్యలో అటూ ఇటూ జారే ఇనప పుల్ల. పుల్ల వెంట్రుకలో వందో వంతు జరిగినా బల్ల మీది మీటరులో ముల్లు కదులుతుంది. యుద్ధ ట్యాంకులో గురి చూసే దుర్భిణి ఉంటుంది కదా, దాని లోపల అద్దం ఎంత జరిగిందో ఈ పుల్ల చెప్పాలట. పుల్ల తప్పు చెబితే గుండు వెళ్ళి ఎక్కడో పడుతుంది. కాగితాల మీద దాని పేరు బారెడు. మేం సెన్సారు అని ఊరుకునేవాళ్ళం.

తీగ చుట్టడం సయీదా పని. బందరులో వాచీలు బాగుచేసే మీరా సాహెబ్ గారమ్మాయి. నాకంటే చిన్నది, ఇంకా పెళ్ళి కాలేదు. చుట్టిన సెన్సారుని సరిచూడటం నా పని. దానికి స్టీలు బిళ్ళలుండేవి. అద్దంలా మెరిసేవి, ఒక్కోటి ఒక్కో మందం. విదేశాల నుంచి తెప్పించారు. వాటిని మాస్టర్లు అనేవాళ్ళం. మాస్టరుని పుల్ల కింద పెట్టి, దాని మందం ఎంతో మీటరు కూడా అంతే చూపించేలా సన్న మరలు తిప్పాలి. బిళ్ళ చెప్పిందే వేదం. బిళ్ళని ఉత్తచేత్తో ముట్టుకుంటే చెమటకి స్టీలు తుప్పు పడుతుందని మా సూపర్వైజరు దయానందం గారు మొదటిరోజే చెప్పారు. మెత్తటి తోలుగుడ్డతో అంచులు పట్టుకుని ఎత్తాలి. అలాగే ఎత్తాను. చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తాను, నాకా యోగం లేకపోయినా.

గుడివాడ సినిమా హాళ్ళలో కూడా లేని ఏసీ మిషను మా గదికి పెట్టారు. చెమట పట్టకూడదు, గాలిలో తేమ ఉండకూడదు. పొద్దున్నే బందరు పాసింజరు ఎక్కి సయీదా, నేను వెళ్ళేవాళ్ళం. బండిలో గిలకలదిండి అని చెబితే చాలు, చేపల బుట్ట లేనిదాన్ని చూసి కూడా ముక్కు మూసుకునేవాళ్ళు. సయీదా మాత్రం కావాలని నాకు ఆనుకుని కూచునేది. వాళ్ళమ్మ ఆమినా బీ కట్టిచ్చిన రొట్టెలో సగం నాకు పెట్టేది.

మొదటి దఫా సెన్సార్లు ఢిల్లీలో పాసైతే ఆ గదిలో పనిచేసేవాళ్ళని పర్మనెంటు చేస్తామని పరంధామయ్య గారు అందరి ముందూ మాటిచ్చారు. పర్మనెంటు అంటే ఏమిటో ఉద్యోగస్తుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకి చెప్పినా తెలీదు. మా పేటలో పొద్దున వెళ్ళినవాడు సాయంత్రం వస్తాడని కూడా ఎవరూ మాటివ్వరు. అలాంటి చోట పుట్టినదానికి, నువ్వు బతికున్నంత కాలం నీ బల్ల నీదే అని ఒకరు చెప్పడం. నాకది కావాలి. సిగ్గు విడిచి చెప్తున్నాను, మొగుడు తిరిగి రావాలని ఎంత కోరుకున్నానో అంత కోరుకున్నాను. మొగుడి సంగతి నా చేతిలో లేదు. ఇది నా చేతిలోనే ఉందనుకున్నాను.

దసరా వచ్చింది. పరంధామయ్య గారింట్లో ఆయుధ పూజ తరతరాలుగా ఉంది. మిల్లు మరకి బొట్టు, పంపుసెట్టుకి బొట్టు, లారీ టైర్ల కింద నిమ్మకాయలు. మిల్లు మర మీద మణుగు కుంకం పోసినా దానికేం కాదు. ఆ ఏడు అదే పళ్ళెం పట్టుకుని మా గదిలోకీ వచ్చారు.

ఆయన భార్య సులోచన గారు చాలా మెత్తటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. గుమ్మంలోనే నన్ను చూసి ఆగి, "కాంతం, నువ్వు కాసేపు వరండాలో కూచోమ్మా, ఏమనుకోకు" అంది. ఏమనుకోవాలో కూడా ఆవిడే చెప్పేసింది కాబట్టి ఇక నేను అనుకోవడానికి ఏం మిగల్లేదు. వెళ్ళి వరండాలో కూచున్నాను. సయీదాని ఎవరూ పొమ్మనలేదు, అదే లేచొచ్చి నా పక్కన కూచుంది. దయానందం గారిది గుడివాడే, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే కుటుంబం. ఆయన కూడా మెల్లగా బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డారు. ఒకరు విధవ, ఒకరు తురక, ఒకరు కిరస్తానం. ముగ్గురం బాగా కుదిరాం అని నేనంటే సయీదా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కిటికీలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. మాస్టర్లని పెట్టెలోంచి తీసి పట్టు గుడ్డ మీద వరసగా పేర్చారు. సులోచన గారు కుంకంలో నీళ్ళు కలిపి, ఉంగరం వేలితో ఒక్కో బిళ్ళకీ నట్టనడుమ బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు అన్నిటి మీదా చిలకరించారు. దయానందం గారు ఓ అడుగు ముందుకేశారు. నోరు తెరిచారు. మళ్ళీ ఏమనుకున్నారో, వెనక్కొచ్చి మెట్టు మీద కూచుండిపోయారు. కాసేపటికి ముగ్గురికీ విస్తరాకుల్లో పులిహోర పంపించారు. బాగుంది పులిహోర, అబద్ధమెందుకు.

పూజలో పెట్టిన వస్తువుని విజయదశమి వెళ్ళేదాకా కదపకూడదు. గది మూశారు. మనుషులే లేని గదికి ఏసీ ఎందుకని అదీ ఆపేశారు. బయట ముసురు. ఆ ముసురులో, ఉక్కలో, మా మాస్టర్లు తడి బొట్లు పెట్టుకుని పండగ చేసుకున్నాయి.

పండగ వెళ్ళాక దయానందం గారు బిళ్ళలన్నీ స్పిరిటుతో తుడిచారు. ఒకదాని మీద మాత్రం నడుమ ఎర్రటి మరక పోలేదు. ఆయన ఇంకా రుద్దబోతుంటే మిల్లు మేస్త్రి, అమ్మవారి బొట్టు మరకండీ, దాన్నెందుకలా అరగదీస్తారు అన్నాడు. బొట్టు మరకే అనుకున్నాం. ఆ గదిలో తలుపు మీద, బల్ల మీద, మీటరు పెట్టె మీద, ఎక్కడ చూసినా అలాంటి ఎరుపే. అన్ని ఎరుపుల్లో ఒక ఎరుపు తుప్పని ఎవరికి తోస్తుంది. ఆ బిళ్ళతోనే మొదటి దఫా మొత్తం సరిచూశాను. పెట్టెల్లో సర్ది, పరంధామయ్య గారే దగ్గరుండి రైలెక్కించారు.

సంక్రాంతి వెళ్ళీ వెళ్ళకముందే పెట్టెలన్నీ వెనక్కొచ్చాయి. ఒక్కటి పాసైతే ఒట్టు.

దయానందం గారు గది తలుపేసుకుని కూచున్నారు. బయటికి వచ్చేసరికి మనిషి మొహంలో నెత్తురు లేదు. సెన్సార్లన్నీ ఒకే చోట, ఒకే తప్పు చెప్తున్నాయట. చుట్టడంలో తేడా ఉంటే ఒక్కోటి ఒక్కోలా పాడవాలి. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే అబద్ధం చెప్తున్నాయంటే, వాటికి ఆ అబద్ధం నేర్పింది మాస్టరే. భూతద్దం పెట్టి నాకూ చూపించారు. ఆ ఎర్ర మరక మరక కాదు. స్టీలు పొంగి చిన్న పొక్కులా లేచింది. కంటికి ఆనదు, కానీ పుల్లకి ఆనుతుంది.

మాస్టరు తుప్పు పట్టిందన్న మాట మధ్యాహ్నానికల్లా మిల్లంతా పాకింది. సాయంత్రానికి దానికి తోక మొలిచింది. ఎవరి చెయ్యి తగిలిందో ఇంకా చెప్పాలా, రోజూ ఆ బిళ్ళలెత్తేది ఎవరు, గిలకలదిండి మనిషి, పుట్టుకతోనే ఒళ్ళంతా ఉప్పు కదా అన్నారు. పిచ్చిదని ముద్ర వేశాక కుక్కని కొట్టడానికి ఎవరూ వెనకాడరు. నిన్నటిదాకా నా చేతి కాఫీ తాగిన మేస్త్రి, ఆ రోజు గ్లాసు తనే కడుక్కున్నాడు.

నేను దయానందం గారిని పట్టుకున్నాను. వేళ్ళతో ఎత్తితే మరక అంచున పడాలి కదండీ, నడుమ గుండ్రంగా ఎలా పడుతుంది అని అడిగాను. ఆయనకి నాకంటే బాగా తెలుసు. తల కిందికి దించుకున్నారు. అయితే చెప్పండి మరి అన్నాను.

"ఎలా చెప్పమంటావు కాంతమ్మా. కుంకం వల్ల పాడైందని నేనంటే, చర్చికెళ్ళేవాడు అమ్మవారి మీద నింద వేశాడంటారు. రేపట్నుంచి ఈ ఊళ్ళో మా నాన్న తల ఎత్తుకోగలడా?"

సయీదా వంక చూశాను. అది చెప్తే ఏమవుతుందో అడగాల్సిన పనే లేదు. మరి నేను చెప్తాను అన్నాను. వాళ్ళు అనని మాట నాకు అర్థమైంది. బొట్టు పోగొట్టుకున్న ముండ ముత్తయిదువు పెట్టిన బొట్టుకి వంక పెడుతుందా అంటారు. కళ్ళారా చూసింది మేం ముగ్గురం. ముగ్గురిలో ఒక్కరికీ నోరు లేదు. నోరున్నవాళ్ళంతా ఆవేళ లోపల హారతి కళ్ళకద్దుకుంటున్నారు.

మర్నాడు పరంధామయ్య గారు పిలిపించారు. కుర్చీ వేసి కూచోమన్నారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, నాకెప్పుడూ కుర్చీ వేసింది లేదు. ఢిల్లీ నుంచి ఆఫీసరు వస్తున్నాడు, తుప్పుకి కారణం చూపించాలి, ఆ కారణం ఇక ఉండదని నమ్మించాలి, అప్పుడే ఇంకో అవకాశం ఇస్తారు అని విడమరిచి చెప్పారు. నేను బొట్టు సంగతి ఎత్తాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"చూడమ్మా, నేను చదువుకోనివాణ్ణి కాను. కానీ యజమాని ఇల్లాలే మాస్టర్లు పాడుచేసిందని రాస్తే, ఇలాంటి చోట పని చేయించం పొమ్మంటారు, ఇంతమంది కూడూ పోతుంది. పనిచేసే మనిషి చెయ్యి అని రాస్తే, ఆ మనిషిని మారిస్తే చాలు. నిన్ను తీసేస్తే కారణం తీసేసినట్టే."

ఆయన ముఖంలో నిజంగానే జాలి ఉంది. అదే నాకు ఒళ్ళు మండించింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. ఉప్పెన బాధితురాలిగా పేపర్లో వేయడానికి పనికొచ్చిన దాన్నే, తుప్పుకి కారణంగా ఢిల్లీకి చూపించడానికీ పనికొచ్చాను. అయ్యగారూ, ఆ గదిలో నాకొక బల్ల ఉంది, దాన్ని నేను వదలను, అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను అని లేచొచ్చేశాను. వెనక నుంచి ఆయన, ఆలోచించుకోమ్మా అన్నారు.

ఇంటికెళ్ళి అత్తకి చెప్పాను. తాతమ్మ చేపలు తోముతూ అంతా విని, "నీ చేతిలో అంత ఉప్పుంటే నువ్వొండిన కూర రోజూ చప్పగా ఎందుకుంటుందే?" అంది. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. నవ్వాక అత్త, చెప్పెయ్యవే, చెబితే పోయేదేముంది, చెప్పకపోయినా పోయేదేగా అంది.

ఆఫీసరు వచ్చాడు. పెద్దాయన, నెమ్మదైన మనిషి, నుదుటన నిలువు బొట్టు. పొద్దున గుడికెళ్ళి వచ్చాడట. యజమానితో ఇంగ్లీషులో, మాతో హిందీలో మాట్లాడాడు. సయీదా ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది కాబట్టి ఆయన మాట నాకు అదే తెలుగులో చెప్పింది.

ముందు నా అరచేతులు చాపమన్నాడు. వేలితో రాసి చూశాడు. మామూలుగా పొడిగా ఉండే చేతులే. అంతమంది చుట్టూ మూగి చూస్తుంటే, బతుకు అక్కడ తేలబోతోందంటే, ఎవరి చేతులు పొడిగా ఉంటాయి. తడిగా ఉన్నాయి. ఆయన తలూపాడు. తళతళలాడే స్టీలు ముక్క ఒకటి తీసి నా బొటనవేలు గట్టిగా అద్దించాడు. దాన్ని తడి దూదితో కలిపి డబ్బాలో పెట్టి మూశాడు. ఎవరి వేలు అద్దినా అంతే వస్తుందండీ, ఇంకొకరి వేలు కూడా అద్దించండి, సరిచూడొచ్చు అన్నాను. సరిచూడటమే కదా ఇన్నాళ్ళూ నేను చేసిన పని. సయీదా ఆ మాట చెప్పింది. ఆఫీసరు జవాబిచ్చేలోపే పరంధామయ్య గారు అడ్డొచ్చి, ఇదేమన్నా పిల్లలాటా, ఆయన టైము పాడు చేయకు అన్నారు.

మర్నాడు డబ్బా తెరిచారు. స్టీలు ముక్క మీద నా బొటనవేలు అచ్చు, గీత గీతా, గోధుమరంగు తుప్పుతో దిగింది. ఎంత బాగా దిగిందో. ఆధారం దొరికిందని అందరికీ ఊపిరి వచ్చింది. దయానందం గారు కిటికీ బయటకి చూస్తూ నిలబడ్డారు. అప్పుడిక ఆగలేకపోయాను.

"అయ్యా, ఇది నా వేలే. నేను కాదనను. కానీ మాస్టరు మీదున్నది వేలి అచ్చు కాదు, గుండ్రంగా నడుమ ఉంది చూడండి. దసరాకి దాని మీద కుంకం పెట్టారు. ఆ రోజు నన్ను ఆ గదిలోకే రానివ్వలేదు."

హిందీలో చెప్పడానికి సయీదా నోరు తెరవబోయింది. అవసరం రాలేదు. కుంకం అనే మాట ఢిల్లీ వాళ్ళకీ తెలుసు. ఆయన బిళ్ళ తీసి వెలుతురులో పెట్టి చూశాడు. చాలాసేపే చూశాడు. పరంధామయ్య గారికేసి చూశాడు. గుమ్మం మీది కుంకం చారలకేసి చూశాడు. అర్థమైంది ఆయనకి, నేను ప్రమాణం చేసి చెప్తాను, అర్థమైంది. నాకు ఆశ పుట్టింది. తర్వాత ఆయన చిన్నగా నవ్వి హిందీలో ఏదో అన్నాడు. సయీదా చెప్పలేక చెప్పింది.

"మా దగ్గరా ఏటా పెడతామమ్మా, ఎప్పుడూ ఏమీ కాలేదు అంటున్నారక్కా."

అంతే. పూజ వాళ్ళూ చేస్తారు. వాళ్ళ మాస్టర్లకి ఏమవుతోందో ఎవరు చూడొచ్చారు. అక్కడా వరండాలో ఎవరో ఒకరు కూచునే ఉంటారు. కారణం పనిచేసే మనిషి చేతి చెమట అని తేలింది. వెళ్ళేముందు ఆయన నాకు రెండు చేతులూ జోడించి నమస్కారం కూడా పెట్టాడు. మంచివాడు. మంచివాళ్ళతోనే వచ్చింది నాకు చావు.

ఆ వారంలోనే నన్ను తీసేశారు. బొంబాయి నుంచి కొత్త మాస్టర్లు తెప్పించారు. నా బల్ల దగ్గర గుడివాడ అమ్మాయి జైనాబ్‌ని కూచోబెట్టారు. రెండో దఫా సెన్సార్లు ఒక్కటి పోకుండా పాసయ్యాయి. చూశారా, మనిషిని మార్చగానే ఎలా బాగుపడ్డాయో అని అందరూ అనుకున్నారు. అనరా మరి. నేనున్నప్పుడు పాడయ్యాయి, నేను పోయాక బాగుపడ్డాయి. ఇంతకంటే రుజువేం కావాలి. తిండి లేకపోయినా ఓర్చుకునేదాన్ని, ఆ రుజువుని ఓర్చుకోలేకపోయాను. బండిలో ఎక్కితే, పేటలో నడిస్తే, ఎక్కడ చూసినా అది నాకంటే ముందు వెళ్ళి నిలబడేది.

నేను మళ్ళీ బుట్ట ఎత్తుకున్నాను. హార్బరులో వేలం పాట పాడి చేపలు కొనడం, బందరు వీధుల్లో తిరగడం. ఆ ఎండాకాలం మా బావగారు భూషణానికి కొత్త వల వచ్చింది. దాని చిరుగుల పని ఎప్పుడూ నాదే. ఈసారి ఆయన అరుగు దగ్గరే ఆపి, ముట్టుకోవద్దమ్మాయ్, నీ చెయ్యి గవర్నమెంటు వాళ్ళే మంచిది కాదన్నారంట కదా, కొత్త వల అన్నారు. నేనేమన్నా మాట్లాడే లోపల అత్త లేచి ఆయన్ని పచ్చి బూతులు తిట్టింది. కానీ వల మాత్రం లోపల పెట్టేసుకున్నారు. ముండ చెయ్యి అని ఊరంటే అది ఊరి మాట, పొద్దు పోయాక మరిచిపోయేవాళ్ళు. ఇప్పుడు ఢిల్లీ నుంచి ఆఫీసరొచ్చి, డబ్బాలో పెట్టి, రుజువు చేసి వెళ్ళాడు. దాన్ని ఎవరు మరిచిపోతారు.

మళ్ళీ దసరా వచ్చి వెళ్ళింది. ఓ ఆదివారం సయీదా మా ఇంటికొచ్చింది. మొహం విప్పారి ఉంది, పొట్లంలో మైసూర్‌పాకు తెచ్చింది. దాన్ని పర్మనెంటు చేశారు. ఒక్క క్షణం, ఆ మాట నాకూ ఇచ్చారు కదా అనిపించింది. తర్వాత సంతోషమే వేసింది. నిజంగానే వేసింది. తాతమ్మ దానికి చేపల పులుసుతో అన్నం పెట్టింది. తిన్నాక అరుగు మీద కూచున్నాం. ఈసారి పూజ చేశారా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

చేశారంది. సులోచన గారే వచ్చి బల్లకి, మీటరు పెట్టెకి, గుమ్మానికి బొట్లు పెట్టిందట. మాస్టర్లకి పెట్టలేదా అన్నాను. సయీదా కాసేపు చేపముల్లుతో నేల గీకింది.

"అయ్యగారు ముందురోజే వాటిని బీరువాలో పెట్టించారక్కా. తాళం నా చేత వేయించారు. పూజ రోజున ఎవరడిగినా ఇవ్వద్దని తాళంచెవి నాకే ఇచ్చారు. నువ్వెలాగూ పూజలో ఉండవు కదా, నీ దగ్గరుంటే భద్రం అన్నారు."

అయితే ఆయనకి తెలుసన్నమాట అన్నాను.

"అందరికీ తెలుసక్కా" అంది సయీదా.

అని ఏడ్చేసింది. నా రెండు చేతులూ పట్టుకుని, వాటి మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. ఊరుకోవే, నువ్వేం చేస్తావు, నీ బల్ల నువ్వు జాగ్రత్తగా చూసుకో అని నేనే దాన్ని ఓదార్చాను. బస్సు టైమైందని లేచింది. వీధి మలుపు దాకా సాగనంపాను. అక్కడ ఇంకోసారి నా చెయ్యి పట్టుకుని నొక్కి, వెళ్ళొస్తానక్కా అంది.

నాలుగడుగులు వేశాక, చెమట తుడుచుకోమని కంపెనీలో ఇప్పుడు అందరికీ ఇస్తున్న తెల్ల గుడ్డని జాకెట్టులోంచి తీసి, చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ, జాగ్రత్తగా. నేను చూస్తున్నానని దానికి తెలీదు. అలవాటు, పాపం, కావాలని చేసింది కాదు. నా చేతిలో ఏమీ లేదని ఈ లోకంలో అందరికంటే దానికే బాగా తెలుసు. తెలిసి కూడా తుడుచుకుంది.